సంపెంగవాగు చెప్పే నీటి చరిత్ర

మేడారం గద్దెలను మొక్కే ముందు జనం స్నానం చేసే జంపన్నవాగుకు పాత పేరు సంపెంగవాగు. ములుగు అడవుల నీళ్లను మోసుకుపోయి గోదావరిలో కలిపే వాగు ఇది. గోదావరి ఉపనదులు చెప్పమంటే మన పిల్లలు ప్రాణహిత, ఇంద్రావతి, శబరి, మంజీర అని గడగడా చెబుతారు. తమ గూడెం పక్కన పారే వాగు ఎక్కడ పుడుతుంది, ఏ నెలలో పారడం ఆగిపోతుంది అని అడిగితే మాత్రం చాలామంది చెప్పలేరు. పాఠంలో అది లేదు. పాఠంలో లేనిది చరిత్ర కాదని మనకు తెలియకుండానే మనం వాళ్లకు నేర్పుతున్నాం.

సంపెంగవాగుకు చరిత్ర ఉంది. జనం నోట ఉన్న కథలో అది కరువుకు సాక్షి. 2023 జులైలో అదే వాగు ఊరి మీదికి వచ్చిన వరద. ఈ రెండింటి నడుమ ఏడు వందల ఏళ్లు గడిచాయి. వాతావరణం మారితే నది పారే తీరు ఎలా మారుతుందో, మనకు దొరికే నీళ్లు ఎందుకు తగ్గుతాయో అర్థం చేసుకోవడానికి హిమాలయాల దాకా పోనక్కర్లేదు. ఈ ఒక్క వాగును సరిగా చదివితే చాలు.

కరువులో మొదలైన కథ

సమ్మక్క సారలమ్మల కథను కోయ డోలీలు చెప్పే తీరు ఒకటి, పుస్తకాల్లో అచ్చయిన తీరు మరొకటి. వాటిలో తేడాలున్నాయి. ఎక్కువమందికి తెలిసిన కథ ఇలా సాగుతుంది. మేడారం ప్రాంతాన్ని పగిడిద్దరాజు ఏలుతున్నాడు. కాకతీయ ప్రతాపరుద్రుడికి ఏటా కప్పం కట్టాలి. వరసగా కరువు వచ్చింది. పంట లేదు, కప్పం కట్టలేకపోయారు. కరువు ఉందని రాజ్యం ఒప్పుకోలేదు. సైన్యం వచ్చింది. పగిడిద్దరాజు, సారలమ్మ, నాగులమ్మ, గోవిందరాజు పోరులో ఒరిగిపోయారు. ఓటమిని తట్టుకోలేక జంపన్న సంపెంగవాగులో దూకాడు. ఆనాటి నుంచి అది జంపన్నవాగు అయింది. గాయపడ్డ సమ్మక్క చిలకలగుట్ట వైపు వెళ్లి కనబడకుండా పోయింది.

ప్రతాపరుద్రుడు ఏలింది 1289 నుంచి 1323 దాకా. అంటే ఈ కథ తనను తాను నిలుపుకున్న కాలం ఏడు వందల ఏళ్ల కిందటిది. కోట్లమంది మొక్కే ఈ కథలో మనం తరచూ పక్కన పెట్టేసే విషయం ఒకటుంది. గొడవ మొదలైంది నీళ్ల దగ్గర. వాన పడలేదు అన్నది గూడెం మాట. కప్పం రాలేదు అన్నది రాజు లెక్క. గూడెం చెప్పిన కరువుకు రాజు దగ్గర లెక్క లేదు, కాబట్టి కరువే లేదు. నీటి గురించి కొండ మీద ఉన్న జ్ఞానానికీ కింద ఉన్న లెక్కల పుస్తకానికీ మధ్య ఉన్న ఈ ఎడం కాకతీయులతో పోలేదు. ఇప్పటికీ ఉంది.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పుకోవాలి. కరువులూ వరదలూ కొత్తవి కావు. దక్షిణ భారతంలో లక్షల ప్రాణాలు తీసిన 1876-78 కరువు నాడు పసిఫిక్ సముద్రం వేడెక్కి ఎల్‌నినో బలంగా ఉంది. అది ప్రకృతిలో ఎప్పటి నుంచో ఉన్న ఊగిసలాట. ఈనాటి వాతావరణ మార్పు వేరు. బొగ్గు, పెట్రోలు మండించడం వల్ల గాలిలో వేడిని పట్టి ఉంచే వాయువులు పేరుకుని భూమి మొత్తం వేడెక్కడం అది. పాత ఊగిసలాట ఆగలేదు, దాని మీద ఈ కొత్త వేడి వచ్చి కూర్చుంది. అందుకే పాత అనుభవం కొన్ని చోట్ల అక్కరకు వస్తుంది, కొన్ని చోట్ల సరిపోవడం లేదు.

మంచు లేని నది

గంగకు వేసవిలో హిమాలయాల మంచు కరిగి కొంత నీరు వస్తుంది. గోదావరికి ఆ ఆసరా లేదు. నాసిక్ జిల్లా త్ర్యంబకం దగ్గర పుట్టి 1465 కిలోమీటర్లు పారే గోదావరికి వానే పెట్టుబడి. దాని పరీవాహక ప్రాంతం మూడు లక్షల చదరపు కిలోమీటర్లకు పైబడి ఉంటుంది. ఆ నేల మీద ఏడాదిలో పడే వానలో ఎనభై శాతానికి పైగా జూన్ నుంచి సెప్టెంబరు లోపలే పడుతుంది. మిగిలిన ఎనిమిది నెలలు నదిలో, వాగులో, బావిలో కనబడే నీరంతా ఆ నాలుగు నెలల్లో నేల దాచిపెట్టినదే.

ఆ దాచే పని చేసేది అడవి. చెట్ల ఆకులు వాన వేగాన్ని తగ్గిస్తాయి. కింద రాలిన ఆకుల పొర, పుట్టలు, వేళ్లు చేసిన సందులు నీళ్లను మెల్లగా లోపలికి తీసుకుంటాయి. లోపలికి దిగిన నీరు రాతి పగుళ్లలో, మట్టిలో, వాగు ఇసుకలో నిలిచి, వానలు ఆగాక ఊటగా బయటికి వస్తుంది. కార్తీకంలో, మాఘంలో వాగు పారుతోందంటే అది అప్పుడు పడ్డ వాన కాదు, ఆషాఢ శ్రావణాల్లో ఇంకిన వాన. వేసవిలో వాగు ఇసుకలో చెలిమె తీస్తే ఊరే నీరూ అదే. గంగకు మంచుకొండ ఎలాగో మన వాగులకు అడవి నేల అలాగ.

తెలుగులో ఏరు అంటే పారే నీటి పేరు. కోయ, గోండి భాషల్లో దానికి దగ్గరగా వినబడే ఏర్ అనే మాటకు అర్థం నీళ్లే. తాగే నీటికీ పారే నీటికీ వేరు వేరు మాటలు పెట్టుకోని జనానికి వాగు ఆగిపోవడం అంటే ఏమిటో విడమరిచి చెప్పనక్కర్లేదు.

నేల ఎంత నీరు దాచుకుంటుంది అన్నది ఎంత వాన పడింది అన్నదాని మీద మాత్రమే ఆధారపడదు. ఎలా పడింది అన్నది అంతకంటే ముఖ్యం. పది రోజులు ముసురు పట్టి పడిన వాన నేలలోకి దిగుతుంది. అదే వాన ఒక్క రాత్రి కుండపోతగా కురిస్తే నేల తాగలేదు. పైమట్టిని కూడా పట్టుకుని గుట్ట దిగిపోతుంది. మన పెద్దలు కార్తెల వారీగా వానను ఎంచేవారు. మిరుగులో తొలివాన, పెద్ద పుష్యాల, చిన్న పుష్యాలలో ముసురు, మఖ పుబ్బల్లో మళ్లీ వాన. ఒక్కో కార్తె వానకు ఒక్కో పని ఉంది. దుక్కికి ఒకటి, మొలకకు ఒకటి, పొట్టకు ఒకటి, చెరువుకు ఒకటి. భూమి పండుగ, కొత్తల పండుగ కూడా ఈ వరస మీదే నిలబడ్డాయి.

ఎవరి నీళ్లకు చరిత్ర రాశారు

నీటి చరిత్ర రాసినవాళ్లు ఎక్కడ నిలబడి రాశారో చూడాలి. కాకతీయుల కాలపు రామప్ప, పాకాల, లక్నవరం చెరువులు ఇప్పటికీ మన కళ్ల ముందు ఉన్నాయి. గుట్టల నడుమ సందు చూసి కట్ట పోసి, అడవి నుంచి దిగే నీళ్లను ఆపి, కింద పొలాలకు మళ్లించిన గొప్ప పని అది. అడవి నీళ్లు వదలకపోతే ఆ చెరువులు లేవు. అయినా చెరువు తవ్వించినవాడి పేరు చరిత్రకెక్కింది, నీళ్లు పంపిన అడవిని కాపాడినవాళ్ల పేరు ఎక్కలేదు.

గోదావరి దిగువన 1847లో మొదలుపెట్టి 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన ఆర్థర్ కాటన్ పేరు డెల్టా ఇంటింటా వినబడుతుంది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాదు నగరంలో వేలమంది చనిపోయారు. నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ వచ్చాయి. డెల్టా కరువుకు ఆనకట్ట దొరికింది, నగరం వరదకు జలాశయాలు దొరికాయి. రెండింటికీ లెక్కలు, నివేదికలు, ఫొటోలు ఉన్నాయి. గూడెం వరదకు, గూడెం కరువుకు ఏమీ లేవు.

అడవి విషయంలో ఇంకో రకం చరిత్ర రాశారు. మద్రాసు రాజధానిలో 1856లో అటవీ శాఖ ఏర్పడింది. చెట్లు పోతే వానలు పోతాయి, ఏరులు ఎండుతాయి అన్న వాదన ఆనాటి అధికారుల్లో బలంగా ఉంది. అందులో నిజం కొంత ఉంది. కానీ వేలు ఎవరి వైపు చూపించారు? పోడు చేసుకునే ఆదివాసీ వైపు. రైలు పట్టాల కింద చెక్కల కోసం, ఓడల కోసం నరికిన టేకు లెక్కలోకి రాలేదు. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. అంతకు మూడేళ్ల ముందే, 1879లో, రంప కొండలు తిరగబడ్డాయి. నిజాం రాజ్యంలోనూ రిజర్వు అడవుల గీతలు గూడేల మీదుగా వెళ్లాయి. 1940లో జోడేఘాట్‌లో నేలకొరిగిన కొమురం భీమ్ పోరాటాన్ని మనం జల్, జంగల్, జమీన్ అనే మూడు మాటల్లో గుర్తు పెట్టుకుంటాం. ఆ మూడింటిలో మొదటి మాట నీళ్లు.

ఈ చరిత్ర ఇప్పుడు ఎందుకు గుర్తు చేసుకోవాలంటే, వాతావరణం పేరు చెప్పి ఆదివాసీని అడవి నుంచి తప్పించే వాదన మళ్లీ రావచ్చు. భూమిని వేడెక్కించిన పొగలో మన గూడేల వాటా లెక్కకు అందనంత తక్కువ. దాని దెబ్బ మాత్రం మొదట తగిలేది వానమీదే బతికే మనకు. ఆ మాట గట్టిగా చెప్పాలంటే ఆవేశం చాలదు, మన దగ్గర సాక్ష్యం ఉండాలి.

ముసురు తగ్గింది, కుండపోత పెరిగింది

గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు ఏడు శాతం ఎక్కువ ఆవిరిని పట్టి ఉంచగలదు. ఇది భౌతికశాస్త్ర సూత్రం. వేడెక్కిన గాలి రెండు పనులు చేస్తుంది. నేల నుంచి, చెరువు నుంచి, చెట్ల నుంచి తేమను ఎక్కువగా లాగేస్తుంది. ఆ ఆవిరిని చాలా రోజులు మోసి, ఒక్కసారిగా దించేస్తుంది. అందువల్ల వాన లేని రోజులు పెరుగుతాయి, పడిన రోజు వాన పెద్దదవుతుంది. కరువూ వరదా ఒకదానికొకటి శత్రువులు అనుకుంటాం. ఇప్పుడవి ఒకే మబ్బు బిడ్డలు.

దేశంలో కొలిచిన లెక్కలు కూడా ఇదే చెబుతున్నాయి. కేంద్ర భూవిజ్ఞాన శాఖ 2020లో వెలువరించిన నివేదిక ప్రకారం 1901 నుంచి 2018 నాటికి దేశ సగటు ఉష్ణోగ్రత సుమారు 0.7 డిగ్రీలు పెరిగింది. 1951-1980తో పోలిస్తే 1981-2011 మధ్య వానాకాలంలో ఎండు విరామాలు 27 శాతం ఎక్కువగా వచ్చాయి. పుణెలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ శాస్త్రవేత్త రాక్సీ మాథ్యూ కోల్ బృందం 2017లో మరో విషయం చూపించింది. 1950 నుంచి 2015 దాకా చూస్తే, గుజరాత్ నుంచి ఒడిశా దాకా ఉన్న మధ్య భారత పట్టీలో విస్తారంగా కురిసే అతి భారీ వానలు మూడింతలు అయ్యాయి. ఆ పట్టీలో తెలంగాణ కూడా ఉంది. ఇంద్రావతికి, ప్రాణహితకు నీళ్లిచ్చే ఛత్తీస్‌గఢ్, మహారాష్ట్ర అడవులూ ఉన్నాయి. అంతకు ముందే, 2006లో, గోస్వామి బృందం మధ్య భారతంలో భారీ వానలు పెరుగుతున్నాయనీ మధ్యస్థ వానలు తగ్గుతున్నాయనీ చెప్పింది. మధ్యస్థ వాన అంటే మన మాటలో ముసురు. నేలలోకి దిగేది, చెలిమెను నింపేది అదే.

భద్రాచలం దగ్గర గోదావరి నీటిమట్టం రికార్డులు చూద్దాం. 1986 ఆగస్టు 16న 75.6 అడుగులు వచ్చింది. ఇప్పటికీ అదే రికార్డు. 2022 జులై 16న 71.3 అడుగులు వచ్చింది. అక్కడ మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే ఇస్తారు. ఒక్క వరదను చూపి ఇది వాతావరణ మార్పే అనడం తొందరపాటు. 1986 వరదే అందుకు సాక్షి. అయితే పెద్ద నది మీద కొలబద్ద ఉంది కాబట్టి ఇలా పోల్చి మాట్లాడగలుగుతున్నాం. దాంట్లో కలిసే వందల వాగులకు కొలబద్ద లేదు. మార్పు మొదట కనబడేది ఆ చిన్న వాగుల్లోనే. పెద్ద నది వెయ్యి చోట్ల పడిన వానను కలిపి సర్దుకుంటుంది. చిన్న వాగు తన గుట్ట మీద పడిన వానకు ఆ రోజే జవాబు చెబుతుంది.

ఒకే ఏడాది, రెండు నెలలు

2023 జులై 27 ఉదయానికి ముగిసిన 24 గంటల్లో ములుగు జిల్లా వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో 64.98 సెంటీమీటర్ల వాన పడింది. తెలంగాణలో ఒక్క రోజులో అంత వాన అంతకు ముందు నమోదు కాలేదు. దానికి ముందున్న రికార్డు కూడా ములుగు ఏజెన్సీదే. 2013 జులై 19న వాజేడులో 51.75 సెంటీమీటర్లు.

ఉపాధ్యాయులు ఈ అంకెను తరగతిలో లెక్కగా చేయించవచ్చు. ఒక ఎకరం సుమారు 4047 చదరపు మీటర్లు. దాని మీద 65 సెంటీమీటర్ల నీరు నిలిస్తే 26 లక్షల లీటర్లు. అది ఒక్క ఎకరానికి, ఒక్క రోజుకు. ఇక గుట్టలు, వాగులు కలిసిన వేల ఎకరాలను ఊహించుకోవచ్చు. ఏ నేల తాగగలదు అంత? ఏ చెరువు ఆపగలదు? కట్టలు తెగాయి. పక్క జిల్లా భూపాలపల్లిలో మోరంచవాగు మోరంచపల్లిని ముంచింది. జంపన్నవాగు ఏటూరునాగారం మండలం కొండాయి ఊరి మీదికి వచ్చింది. ఎనిమిది ప్రాణాలు పోయాయి.

వాన అక్కడితో ఆగిపోయింది. దేశం మొత్తం మీద చూస్తే 1901 నుంచి లెక్కలున్నంతలో 2023 ఆగస్టే అన్ని ఆగస్టుల కంటే ఎండిన నెల. సగటు కంటే 36 శాతం తక్కువ వాన. అది ఎల్‌నినో ఏడు. చిన్న పుష్యాలలో ఊళ్లు ముంచిన ఆకాశం ఆశ్లేషలో, మఖలో ముఖం చాటేసింది. వరద ఇసుక మేటలు వేసిన పొలంలో మళ్లీ నాటినవాళ్లు నీటి చుక్క కోసం చూశారు.

సీజను మొత్తం కలిపి చూస్తే ఆ ఏడాది తెలంగాణలో నైరుతి వాన సగటుకు తగ్గలేదు. కాగితం మీద అది మంచి ఏడు. ప్రతాపరుద్రుడి లెక్కల పుస్తకం గుర్తుకొస్తుంది. సగటు అంకె చూసేవాడికి కరువు కనబడదు. జులై, ఆగస్టు నెలలను విడివిడిగా చూసినవాడికే, అదీ తన వాగు పక్కన నిలబడి చూసినవాడికే అది కనబడుతుంది.

ప్రాజెక్టుల లెక్కల్లో '75 శాతం ఆధారపడదగిన నీరు' అనే మాట వింటాం. నూటికి డెబ్బయి ఐదేళ్లు నదిలో కనీసం ఇంత నీరు ఉంటుంది అన్న అంచనా అది. గడిచిన ఏళ్ల ప్రవాహాలను వరసగా పేర్చి ఈ అంకె తీస్తారు. రాబోయే ఏళ్లు గడిచిన ఏళ్లలాగే ఉంటాయన్న నమ్మకం మీద అది నిలబడింది. ఆ నమ్మకమే ఇప్పుడు కదులుతోంది. ఏడాది మొత్తం నీరు అంతే వచ్చినా, సగం నీరు నాలుగు రోజుల్లో సముద్రంలోకి పోతే ఆ అంకె ఎవరి కుండను నింపుతుంది? గోదావరి మీద తుపాకులగూడెం దగ్గర కట్టిన బ్యారేజీకి సమ్మక్క పేరు పెట్టారు. గంగారం దగ్గర దేవాదుల ఎత్తిపోతల నీళ్లను మైదానానికి తోడుతుంది. పక్కనే ఉన్న ఎన్నో గూడేల పొలాలు మాత్రం ఇంకా వానకే ఎదురుచూస్తాయి. పెద్ద నది పక్కన ఉన్నంత మాత్రాన చిన్న వాగు మీద బతికే ఊరికి నీటి భరోసా రాదు.

జాతరే ఒక కొలబద్ద

వాగుకు కొలబద్ద లేదన్నాం. నిజానికి సంపెంగవాగుకు ఒకటుంది. మనమే దాన్ని ఆ కంటితో చూడలేదు.

మేడారం జాతర రెండేళ్లకొకసారి, మాఘ శుద్ధ పున్నమికి జరుగుతుంది. అంటే ప్రతి రెండేళ్లకు, ఒకే చోట, వానలు ఆగిన నాలుగు నెలల తర్వాత, లక్షలమంది అదే వాగులో దిగుతున్నారు. అప్పుడు వాగులో ఉండే నీరు ఊట నీరే. నేల ఎంత దాచుకుందో చెప్పే నీరు అది. జలశాస్త్రవేత్తలు పరికరాలు పెట్టి వెతికే కొలత ఇదే. జాతరకు వాగు పారిందా, మడుగులుగా నిలిచిందా, ఇసుకే మిగిలిందా అన్న ప్రశ్నకు మన పెద్దల దగ్గర తరతరాల జవాబులున్నాయి.

ఇప్పటి జాతరల్లో వాగు నీరు చాలక లక్నవరం చెరువు నుంచి నీళ్లు వదలడం, వాగు ఇసుకలో బావులు తీసి నల్లాల కింద స్నానాలు చేయించడం చూస్తున్నాం. వచ్చే జనం పెరగడం దీనికి ఒక కారణం. ఒక్కటే కారణమా? వాన పడే తీరు మారడం, ఎగువన బోర్లు పెరగడం, ఇసుక తవ్వకం, అడవి పలచబడటం, ఇవి ఎంతెంత? ఈ లెక్క తేల్చాలంటే పాత జాతరల నాటి వాగు ఎలా ఉండేదో రాసి ఉండాలి. ఇసుక తీస్తే వాగు తన నీటి కుండను పోగొట్టుకుంటుంది. అది వాతావరణ మార్పు కాదు, మన కళ్ల ముందు జరిగే పని. రెండింటినీ కలిపేస్తే ఇసుక తవ్వేవాడు తప్పించుకుంటాడు. విడదీయాలంటే వివరాలు కావాలి.

పెద్దలకు తేదీలు గుర్తుండవు అంటారు. జాతరలు గుర్తుంటాయి. ఎనభై ఆరు వరద గుర్తుంటుంది. పెద్ద బిడ్డ పెళ్లయిన జాతర, ఎడ్లబండి మీద పోయిన చివరి జాతర గుర్తుంటాయి. ఆ గుర్తుల పక్కన అడగాలి. ఆ జాతరకు వాగులో నీళ్లు ఎక్కడి దాకా ఉన్నాయి? చెలిమె ఎంత లోతు తీశారు? ఏ ఊట మొదట ఎండింది? ఇప్పపూలు ఏ పండుగ నాటికి రాలేవి, ఇప్పుడు ఎప్పుడు రాలుతున్నాయి? తునికాకు కోతలో వాన పడి కట్టలు పాడైన ఏళ్లు ఏవి? పది గూడేల్లో పదిమంది పెద్దల నుంచి ఇవి రాసుకుంటే యాభై ఏళ్ల వాగు చరిత్ర చేతికొస్తుంది. ఒకరి మాటలో పొరపాటు ఉంటే ఇంకొకరి మాట సరిచేస్తుంది. నోటి మాటను చరిత్రగా మార్చే పద్ధతి ఇదే.

చట్టం అడిగే సాక్ష్యం

ఇదంతా రాసిపెట్టుకుని ఏం చేయాలి అని యువకులు అడగవచ్చు. జవాబు చట్టంలో ఉంది. 1996లో వచ్చిన పెసా చట్టం షెడ్యూల్డు ప్రాంతాల్లో చిన్న నీటి వనరుల ప్రణాళిక, నిర్వహణ తగిన స్థాయి పంచాయతీలకు అప్పగించాలని చెప్పింది. 2006 అటవీ హక్కుల చట్టం పోడు పట్టాల కోసమే అని చాలామంది అనుకుంటారు. దాని అయిదో సెక్షను తమ పక్కనున్న నీటి పరీవాహక ప్రాంతాలను, నీటి వనరులను కాపాడే అధికారం గ్రామసభకు, హక్కుదారులకు ఇచ్చింది. ఒర్రె మీద కత్వ కట్టాలన్నా, ఇసుక తవ్వకం ఆపాలన్నా, ఊట ఉన్న గుట్ట జోలికి రావద్దన్నా గ్రామసభ మాట్లాడగలదు. కానీ అధికారి బల్ల ముందు మొదటి ప్రశ్న ఒకటే వస్తుంది. ఈ వాగు ఇంతకు ముందు ఎప్పటి దాకా పారేది, మీ దగ్గర ఆధారం ఏముంది?

ఆ ఆధారం తయారు చేయడానికి పెద్ద ఖర్చు లేదు. ఆశ్రమ పాఠశాల ఆవరణలో ఒక వానమాపకం పెట్టవచ్చు. అడుగు నుంచి పైదాకా ఒకే వెడల్పు ఉన్న డబ్బా, ఒక స్కేలు చాలు. రోజూ ఉదయం ఒకే వేళకు కొలిచి రాయాలి. నెల మొత్తం కలపడంతో ఆగకూడదు, ఏ రోజు ఎంత పడిందో ఉండాలి. ముసురు, కుండపోతల తేడా అందులోనే తెలుస్తుంది. వాగు మీది వంతెన స్తంభానికి రంగుతో అడుగుల గీతలు గీసి, దూరంగా నిలబడే చూసి రాయవచ్చు. వరద వేళ పిల్లలను వాగు దగ్గరికి పంపకూడదు. నీరు తీశాక గోడ మీద మిగిలిన తడి గుర్తు చాలు. వాగు పారడం ఆగిన తేదీ, చెలిమె లోతు, బావి నీటిమట్టం నెలకొకసారి రాయాలి. ఆ పుస్తకం ఒక ఉపాధ్యాయుడి బదిలీతో ఆగిపోకుండా గ్రామసభ దగ్గర నకలు ఉండాలి. ఏటా ఒకసారి గ్రామసభలో చదివి తీర్మానంలో చేరిస్తే అది ఊరి రికార్డు అవుతుంది.

పై నుంచి వచ్చే హెచ్చరిక మండలానికి వస్తుంది, జిల్లాకు వస్తుంది. మన గుట్ట మీద ఎంత వాన పడితే ఎన్ని గంటలకు వాగు ఊరిని తాకుతుందో అందులో ఉండదు. ఆ లెక్క ఊరి పుస్తకంలోనే దొరుకుతుంది. అర్ధరాత్రి ఏ ఇల్లు ముందు ఖాళీ చేయాలో చెప్పగలిగేది అదే. కరువు ఏడు పరిహారం అడిగినా, ఉపాధి హామీలో ఊట మీది గుట్టకు కందకాలు కావాలన్నా ముందు పెట్టాల్సిన కాగితం కూడా అదే.

ఏడు వందల ఏళ్ల కిందట గూడెం కరువని చెబితే నమ్మినవాళ్లు లేరు. అప్పుడు లెక్క రాజు చేతిలో ఉంది, వాగు మన చేతిలో ఉంది. ఇప్పుడు చదువుకున్న బిడ్డలు ప్రతి గూడెంలో ఉన్నారు, చట్టం కాగితం మీద మన వైపే ఉంది. వాగుతో పాటు లెక్క కూడా మన చేతికి రావాలి. వచ్చే మిరుగు తొలివాన పడిన రోజు తేదీతో మొదటి పేజీ మొదలుపెడితే, వచ్చే జాతర నాటికి సంపెంగవాగుకు మన చేత్తో రాసిన చరిత్ర కొంతైనా ఉంటుంది.